ఈ గడిని నమ్మకు

"కాగితమే కదా ప్రమోదా! రేపు ఆఫీసులో మళ్ళీ ప్రింట్ తీసుకుంటే సరిపోయేదానికి పొద్దున్నించీ ఇంత రాద్ధాంతం దేనికి?" దామోదర్ ఆ మాట అనడం మూడోసారి.

"రాద్ధాంతం నేను చెయ్యడం లేదు. అవి పనికొచ్చే కాగితాలు అన్నాను, అంతే."

"ఆ అనడంలోనే ఉంది. పాపం, అమ్మకేం తెలుసు?"

పాపం అమ్మ, అంటే మా అత్తయ్య ఆండాళమ్మగారు, స్టవ్ దగ్గర నిలబడి చిల్లుల గరిటెతో గారెలు దేవుతున్నారు. మధ్యాహ్నం భోజనానికి దామోదర్ ఆఫీసులో పనిచేసే రామమోహన్, ఆయన భార్య శశికళ వస్తున్నారు. నేను కింద లాండ్రీ రూమ్ నించి బట్టల బుట్టతో పైకి వచ్చేసరికి కౌంటర్ మీద పళ్ళెంలో గారెలు, గారెల కింద కాగితాలు. ఒక చార తెలుపు, ఒక చార లేత ఆకుపచ్చ. కంప్యూటర్ ప్రింటవుట్. నూనె పీల్చుకుని అద్దంలా అయిపోయి, పై పేజీలోంచి కింది పేజీ కనిపిస్తోంది.

"కావాలని చేశానా అమ్మాయ్! ఆ తెల్ల గుడ్డల్లాంటి పేపర్ టవల్సు నూనెకి తగలెయ్యడానికి ప్రాణం ఒప్పలేదు. ఇవేమో ఫ్రిజ్ మీద రెండు వారాల నించి పడున్నాయి. పైగా చింపుకోవడానికి వీలుగా వరసన చుక్కలు కూడా పెట్టారు. ఎంత తెలివైనవాళ్ళో అనుకున్నాను," అన్నారు అత్తయ్య.

మా పదకొండేళ్ళ జయంతి పడీ పడీ నవ్వింది. "బామ్మా, దట్స్ నాట్ వాట్ ఇట్స్ ఫర్! ఫస్ట్ వాయి పేపర్స్ అన్నీ నేనే కింద చెత్త డంప్‌స్టర్‌లో వేశాను అమ్మా. సారీ."

"వాడి పెట్టె జోలికి మాత్రం వెళ్ళలేదు సుమా," అత్తయ్య కొడుకువైపు చూసి అన్నారు. సోఫా పక్కన దామోదర్ బ్రీఫ్‌కేసు నిటారుగా నిలబడి ఉంది. ఆవిడ ఆగస్టులో అమెరికాలో దిగిన మర్నాడే తెలుసుకున్న నియమం అది: అబ్బాయి పెట్టె ఆఫీసుది, ముట్టుకోకూడదు. వంటింట్లో ఉన్నది ఏదైనా కోడలిది, ముట్టుకోవచ్చు.

"చూశావా, ఎంత జాగ్రత్తో! నీ సామాన్లు కూడా అలా ఒక చోట పెట్టుకోవడం నేర్చుకో," అన్నారు దామోదర్, సండే పేపర్ మడత విప్పుతూ.

గారెల అంచు కింద ప్రతి పేజీ నెత్తిన ఉండే ప్రోగ్రాం పేరు నాకు స్పష్టంగా కనిపిస్తోంది. ఆ ప్రింటవుట్ నాది కాదు, ఆయనది. ఆయన పనిచేసే ఇన్సూరెన్స్ కంపెనీలో, బుధవారం నాడు పెద్దవాళ్ళందరి ముందూ నడవాల్సిన ఆయన ప్రోగ్రాం. అందులో తప్పు ఎక్కడుందో పట్టి పెట్టమని పన్నెండు రోజుల క్రితం ఆయనే నా చేతిలో పెట్టారు. నేను దాన్ని చదివేది వంటింట్లో కాబట్టి అది ఫ్రిజ్ మీద ఉంది. ఫ్రిజ్ మీద ఉంది కాబట్టి నాదైంది. నాదైంది కాబట్టి ఇప్పుడు వట్టి కాగితమైంది.

ఇదంతా ఒక్క మాటలో చెప్పేయవచ్చు. కాని ఆయన ఇంకా చెబుతూనే ఉన్నారు, కాగితాల గురించి, జాగ్రత్త గురించి. సరే, పూర్తిగా చెప్పనిద్దాం అనిపించింది. బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టాను.

మా పరిచయస్థులందరికీ దామోదరే నాకు కంప్యూటర్లు నేర్పించారని ఒక నమ్మకం. జరిగింది వేరు. డెబ్భై ఎనిమిదిలో నేను కౌంటీ కాలేజీలో కోబాల్ అనే కంప్యూటర్ భాష క్లాసులో చేరినప్పుడు ఆయన వంతెనల కంపెనీలో సివిల్ ఇంజనీరు. "చేరు, చేరు, కాలక్షేపంగా ఉంటుంది" అన్నారు. అప్పట్లో ప్రోగ్రాం అంటే అట్ట కార్డులు; ఒక్కో వరసకి ఒక్కో కార్డు. నాలుగు వందల కార్డుల కట్ట కింద పడిందంటే వారం రోజుల పని నేలపాలే. క్లాసులో ఒక ముసలాయన నాకొక ఉపాయం చెప్పాడు. కట్టని సరిగ్గా సర్ది, పై అంచున ఈ మూల నించి ఆ మూలకి మార్కర్‌తో ఏటవాలుగా ఒక గీత గియ్యి, పడిపోయినా ఆ గీత కలిసేలా పేర్చుకుంటే చాలు అన్నాడు. ఐదేళ్ళ జయంతి ఒకసారి నా కట్టని ఇల్లంతా వెదజల్లింది. నేను చాప వేసుకుని కూర్చుని, గీత చూసుకుంటూ, అరగంటలో మళ్ళీ కట్ట కట్టేశాను. ఆ రోజు నా మీద నాకు కలిగిన గౌరవం ఎమ్మెస్సీ పట్టా తీసుకున్నప్పుడు కూడా కలగలేదు.

ఎనభై ఒకటిలో వంతెనల కంపెనీ చాలామందిని తీసేసింది. వాళ్ళలో దామోదర్ ఉన్నారు. పార్సిప్పనీలోని ఈ అపార్ట్‌మెంట్‌లో, ఇదే డైనింగ్ టేబుల్ మీద, ఆరు వారాలపాటు ఆయనకి నేను కోబాల్ చెప్పాను. బుద్ధిగానే నేర్చుకున్నారు. ఇంజనీరు డిగ్రీ ఉంది కాబట్టి మొదటి ఉద్యోగమే నాకంటే రెండు మెట్లు పైన వచ్చింది. నేను సంతోషించాను, అబద్ధమెందుకు! తరవాత ఒకనాడు ఇంటికి ఒక ప్రింటవుట్ తెచ్చి, "ఒక్కసారి కళ్ళు తిప్పు ప్రమోదా, నీ కన్ను పడితే తప్పు దాక్కోలేదు" అన్నారు. పొగడ్త అనుకున్నాను. మూడేళ్ళలో ఆ పొగడ్త వారానికి రెండుసార్ల పని అయింది.

నా ఆఫీసు పని నేను ఆఫీసులో చేసుకుని వస్తాను. ఆయన పని కుక్కర్ కూతల మధ్య చేస్తాను. లిస్టింగ్‌ని, అంటే ప్రోగ్రాం ప్రింటవుట్‌ని, కింది నించి పైకి చదువుతాను, అలా చదివితే కళ్ళు కథలో పడి కొట్టుకుపోవు. అడుగు బద్దని వరస కింద పెట్టి, ఆ ఒక్క వరసే చూస్తాను. ప్రోగ్రాం ఆగిపోయినప్పుడు మెషీన్ కక్కే అంకెలు మనలా పది లెక్కలో కాక పదహారు లెక్కలో ఉంటాయి, దానికి క్లాసులో అమెరికన్ పిల్లలు పట్టిక కొనుక్కునేవాళ్ళు. నాకు చెయ్యి చాలు. బొటనవేలితో నాలుగు వేళ్ళ కణుపులూ కొసలూ లెక్కపెడితే సరిగ్గా పదహారు. ఆగస్టులో ఒక పొద్దున నేను కాఫీ కాస్తూ పెదవులు కదుపుతూ కణుపులు లెక్కపెట్టుకోవడం చూసి అత్తయ్య, పక్క అపార్ట్‌మెంట్ గుజరాతీ ఆవిడతో సైగలతో చెప్పారట, మా కోడలు జపం చేసుకోనిదే కాఫీ కూడా కలపదు అని. నేను కాదనలేదు. ఈ ఇంట్లో నా పనికి ఒక మర్యాద దక్కింది ఆ పొరపాటు వల్లే.

తప్పు ఎక్కడుందో పెన్సిల్‌తో పక్కన తెలుగులో రాసుకుంటాను. త్వరగా రాయాలంటే నాకు తెలుగే వస్తుంది. తరవాత ఆయన టేబుల్ దగ్గర కూర్చుంటే, నేను గిన్నెలు తోముతూ ఇంగ్లీషులో చెబుతాను, ఆయన తన ప్రోగ్రాంలో వివరణలుగా, అంటే కామెంట్లుగా, రాసుకుంటారు. ప్రోగ్రాం మొదట్లో రాసినవారి పేరు వేసే వరస ఒకటుంటుంది. అక్కడ దామోదర్ పేరు నేనే ఎన్నిసార్లు సరిచూశానో!

ఈసారి తప్పు తొందరగా దొరకలేదు. ప్రోగ్రాం లక్ష రికార్డుల దాకా హాయిగా నడిచి, ఒక్కసారిగా కూలబడుతోంది. కూలబడ్డప్పుడు మెషీన్ ఇచ్చే సంకేతాన్ని మేము సాక్ సెవెన్ అంటాం. ఆ మాట వింటే జయంతి తన సాక్సు దాచుకుంటుంది. అంకె ఉండాల్సిన చోట అంకె లేకపోతే అలా జరుగుతుంది. శుక్రవారం పొద్దున, ఇడ్లీలు ఉడికేలోపల పట్టుకున్నాను. పాత పాలసీల్లో భార్య సంపాదన అని ఒక ఫీల్డ్, అంటే గడి, ఉంది. సంపాదన లేకపోతే అక్కడ సున్నా వెయ్యాలి. ఎప్పుడో ఇరవై ఏళ్ళ క్రితం ఎవరో గుమాస్తాలు, ఎందుకులే ఆ మాత్రానికి అనుకుని, ఖాళీగా వదిలేశారు. సున్నాని మెషీన్ మోస్తుంది. సున్నా కూడా ఒక లెక్కే. ఖాళీని మోయలేదు. అక్కడికి రాగానే కూలబడుతుంది. ఆ వరస పక్కన పెద్ద అక్షరాలతో రాసుకున్నాను, "ఈ గడిని నమ్మకు" అని. ఏయే చోట్ల సరిచెయ్యాలో, తొమ్మిది పేజీల్లో, బాణాలు గీసి మరీ రాశాను; దొరికిందని సాయంత్రం ఆయనకి చెబితే, ఆదివారం రాసుకుంటానన్నారు. 'ఈ గడిని నమ్మకు' నేను తరచుగా రాసే మాటే. ఈసారి రాసి, దానివైపే చూస్తూ ఉండిపోయాను. ఇడ్లీలు కాస్త గట్టిపడ్డాయి.

ఎందుకంటే ఆ ముందురోజే, గురువారం నాడు, మా మేనేజర్ కేరల్ నన్ను తన గదిలోకి పిలిచింది. నేను పనిచేసేది ఒక మందుల కంపెనీలో. గిడ్డంగుల ప్రాజెక్టుకి నన్ను లీడర్‌గా వేస్తానంది. నా కింద నలుగురు. మంగళ, బుధ, గురువారాలు ఏడింటిదాకా ఆఫీసులో ఉండాలి. "వసంతకాలంలో ఒకసారి అడిగితే, ఇంట్లో కష్టం అన్నావు. ఇది రెండోసారి. మూడోసారి అడగడం నా చేతిలో ఉండదు. సోమవారం తొమ్మిదింటికి ఒక్క మాట చెప్పు," అంది.

ఇంటికి వచ్చి చెబితే దామోదర్ కోప్పడలేదు. ఆయన కోప్పడే మనిషి కాదు. "నా ప్రాజెక్ట్ ఇంప్లిమెంట్ అయ్యే టైమ్‌లోనే నీకు లీడర్‌షిప్ రావాలా?" అని నవ్వారు. "అమ్మ వచ్చి ఉంది, బావుండదు. జయంతి స్కూలు నించి వచ్చేసరికి ఇంట్లో ఎవరుంటారు? పైగా నీకు టెన్షన్లు పడవు, నాకు తెలుసుగా! వచ్చే ఏడు చూద్దాంలే." శుక్రవారం, శనివారం ఆలోచించాను. నిజం చెప్పాలంటే, ఆదివారం పొద్దున బట్టల బుట్టతో మెట్లెక్కుతున్నప్పటికి, కేరల్‌కి ఏ మాటల్లో వద్దని చెబితే బావుంటుందో కూర్చుకుంటున్నాను.

రామమోహన్, శశికళ ఒంటిగంటకి వచ్చారు. ఐసెలిన్‌లో ఇండియన్ షాపులో మంచి వంకాయలు దొరికాయని ఒక సంచీ కూడా తెచ్చారు. రామమోహన్ గలగలా మాట్లాడే మనిషి. రెండో గారె నోట్లో ఉండగానే అందుకున్నారు.

"ఏమండీ ప్రమోదగారూ, మీ ఆయన మా ఫ్లోర్‌లో హీరో, తెలుసా? ప్రోగ్రాములు అందరం రాస్తాం. ఈయన రాసే కామెంట్లున్నాయే, అవి చదివితే చాలు, కొత్తగా వచ్చినవాడికి కూడా అర్థమైపోతుంది. 'డోంట్ ట్రస్ట్ దిస్ ఫీల్డ్' అని ఒకటి రాశాడు మొన్నామధ్య. మా బాస్ దాన్ని పెద్ద అక్షరాలతో రాసి గోడకి టేప్ చేశాడు."

"అబ్బే, ఏముందిలే," అన్నారు దామోదర్. ఆయన మొహం వెలిగిపోతోంది. "అంతకంటే మంచిది ఇప్పుడు రాబోతోంది. బుధవారం రన్ ఎందుకు పోతోందో దొరికిపోయింది. చూపిస్తానుండు. ప్రమోదా, ఫ్రిజ్ మీద నా లిస్టింగ్ ఉంది, అందుకో."

నేను పప్పు గరిటె గిన్నెలో పెట్టాను. "గారెల కింద ఉందండీ."

"ఏమిటి?"

"మీ లిస్టింగ్. గారెల కింద ఉంది. సగం డంప్‌స్టర్‌లో ఉంది."

ఆయన పళ్ళెంవైపు చూశారు. లేచి వెళ్ళి గారెలు పక్కకి నెట్టి, ఒక కాగితం కొసన పట్టుకుని పైకెత్తారు. నూనె బొట్టు ఆయన చొక్కా మీద పడింది.

"అదేమిట్రా, అవి కోడలివి కదూ?" అత్తయ్య కంగారుగా అన్నారు. "నేను చూసే తీశాను. వాటి మీదంతా తెలుగులో రాసుంది. ఇదిగో, పొద్దున చదివి నవ్వుకున్నాను కూడా, 'ఈ గడిని నమ్మకు' అని. ఏ గడిని, ఎవరు నమ్ముతున్నారే బాబూ, అని."

రామమోహన్ నమలడం ఆపారు. దామోదర్ వైపు చూసి, నా వైపు చూసి, మళ్ళీ పళ్ళెంలోకి చూసుకున్నారు.

"నీకు సరిగ్గా కనపడి ఉండదమ్మా," అన్నారు దామోదర్.

"ఆ రాత నాకు తెలియదట్రా? కళ్ళు మూసుకుని పోల్చగలను. తొమ్మిదేళ్ళుగా నీ పేరుతో వస్తున్న ఉత్తరాల్లో రాతేగా అది."

ఆవిడ ఎత్తిపొడవలేదు. ఉన్నమాట అన్నారు, అంతే. మొదటి నెలనించీ, "నువ్వైతే బాగా రాస్తావు" అని ఏరోగ్రాం నా ముందు పెట్టేవారు దామోదర్. 'అమ్మకి నమస్కారములు, నేను ఇక్కడ క్షేమం' అని ఆయన నోటితో నేను రాసేదాన్ని. కింద సంతకం ఆయన చేసేవారు. ఆ సంగతి ఆవిడకి తెలుసని నాకు ఇప్పటిదాకా తెలియదు.

"అయితే మీ బాస్ గోడ మీద ఉన్నది ప్రమోదగారి మాటన్నమాట," అంది శశికళ, మొగుడి పళ్ళెంలో పెరుగు వేస్తూ. మరీ మెల్లగానే అంది. కాని అందరికీ వినిపించింది.

వాళ్ళు కాఫీ తాగకుండానే వెళ్ళిపోయారు. తలుపు వేసి వచ్చి దామోదర్, "నలుగురిలో నా పరువు తీశావు," అన్నారు.

"నేనేమన్నాను? గారెల కింద ఉందన్నాను."

"పొద్దున్నే చెప్పచ్చు కదా, అవి నావని!"

"మీరు అడగలేదు. కాగితమే కదా అన్నారు, మూడుసార్లు."

ఆయన గొంతు తగ్గించుకుని వచ్చి కుర్చీ లాక్కున్నారు. ఆ గొంతు నాకు తెలుసు. "సరే, అయిందేదో అయింది. నీకంతా గుర్తుండే ఉంటుంది కదా? ఒక గంట కూర్చుని చెప్పేసెయ్, నేను రాసుకుంటాను. రేపు పొద్దున్నే కంపైల్ చేసుకోవాలి."

గుర్తుంది. ఏ పేజీలో, ఎన్నో వరసలో, ఏ గడిలో అన్నీ గుర్తున్నాయి. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. మూడేళ్ళ అలవాటు కదా! ఎదురుగా ఆయన తెల్ల కాగితం సిద్ధంగా పెట్టుకుని నా నోటివైపు చూస్తున్నారు. పెన్సిల్ మాత్రం నాదే. ఫ్రిజ్ మీద డబ్బాలోంచి తీసుకున్నట్టున్నారు.

జయంతిని పిలిచాను. హోంవర్క్ పుస్తకంతో వచ్చి నిలబడింది. అత్తయ్య అప్పటికే డైనింగ్ టేబుల్ చివర కూర్చుని, తన వంతు తప్పు ఇంకా ఏమైనా మిగిలిందేమో అన్నట్టు చూస్తున్నారు. నేను చేతులు తుడుచుకుని నిలబడే మాట్లాడాను. గొంతు పెంచలేదు.

"రేపు తొమ్మిదింటికి కేరల్‌కి సరేనని చెబుతున్నాను. మంగళ, బుధ, గురువారాలు నేను ఇంటికి వచ్చేసరికి ఏడున్నర దాటుతుంది. ఆ మూడు రోజులూ వంట దామోదర్ చేస్తారు. అత్తయ్యా, మీరు చెయ్యద్దు, పక్కన కూర్చుని చెప్పండి, చాలు. జయంతీ, ఆ మూడు రోజులూ స్కూల్ బస్ దిగగానే ఆఫీసుకి నాకు ఫోన్ చెయ్యి."

"ఓకే," అంది జయంతి. వాళ్ళ నాన్న మొహంవైపు ఓసారి చూసి, "కూల్," అని కూడా అంది.

"మరి నా బుధవారం?" అన్నారు దామోదర్.

"కాగితమే కదండీ. రేపు ఆఫీసులో మళ్ళీ ప్రింట్ తీసుకోండి. కింది నించి పైకి చదవండి. వరస కింద అడుగు బద్ద పెట్టుకుంటే కన్ను జారదు. దొరుకుతుంది, నాకు పన్నెండు రోజులు పట్టింది." ఆయన వేళ్ళ మధ్యనించి నా పెన్సిల్ మెల్లగా తీసుకున్నాను. "దొరికాక దాని పక్కన మీ మాటలే రాసుకోండి."

అత్తయ్య వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుని, "మంగళవారమంటే ఎల్లుండేగా. వీడికి అన్నం అత్తెసరు పెట్టడం కూడా రాదే," అన్నారు. ఆవిడ గొంతులో బెంగ ఉంది. ఇంకేదో కూడా ఉంది, అది నాకు నచ్చింది.

"నేర్చుకుంటారు. కోబాల్ ఆరు వారాల్లో నేర్చుకున్నారు," అన్నాను. "ఇంకొక్కటి అత్తయ్యా. మీరు ఇండియా వెళ్ళాక మీకు ఉత్తరాలు కూడా ఆయనే రాస్తారు. కాస్త ఆలస్యంగా వస్తాయి, రాత బావుండదు. కాని ఆయనవే."